గరుకు పూత నిలవాలంటే: జిగురు, పొడి, ఆరబెట్టే తీరు

మిక్స్‌డ్ మీడియా బొమ్మలకు, అంటే రంగుతో పాటు గుడ్డ, కాగితం, మట్టి లాంటివి కలిపి చేసే బొమ్మలకు, గరుకు నేపథ్యాలు వేసి చూపించే వీడియోలకు కొదవ లేదు. పూత వేస్తారు, దువ్వెనతో గీస్తారు, పైన రంగు రుద్దుతారు, అయిపోయిందంటారు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక అదే పూత ఎట్లా ఉందో మాత్రం ఎవరూ చూపించరు. మన వరంగల్, కరీంనగర్ వైపు అసలు పరీక్ష అదే. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ. జులై వచ్చేసరికి దండెం మీద బట్టలే ఆరవు. ఈ రెండు కాలాలకూ తట్టుకుని పగలకుండా, రాలకుండా, బూజు పట్టకుండా ఉంటేనే అది పూత.

పేరు ఏదైనా పూతలో ఉండేవి రెండే: పొడి, ఆ పొడిని పట్టి ఉంచే జిగురు. డబ్బా మీద జెస్సో అని ఉన్నా, మోడలింగ్ పేస్ట్ అని ఉన్నా, టెక్స్చర్ పేస్ట్ అని ఉన్నా లోపలి సంగతి ఇదే. పొడి ఎక్కువైతే రాలుతుంది. జిగురు ఎక్కువైతే రబ్బరులా సాగి, మెరిసి, పైన వేసిన రంగును పట్టదు. పూతకు వచ్చే రోగాల్లో చాలావరకు ఈ లెక్క తప్పడం వల్లే వస్తాయి. మిగతావి తొందరపడి ఆరబెట్టడం వల్ల.

ఈ లెక్క మన పక్కనే ఉన్న చేర్యాలలో కథల పటాలు గీసే నకాషీ వాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. చేర్యాల పటానికి ఖద్దరు గుడ్డ తీసుకుని, బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, బంక నీళ్లు కలిపి మూడు పూతలు వేస్తారు. ఒక పూత పూర్తిగా ఆరితేనే రెండోది. ఒక్క మందపాటి పూతతో పని ముగించవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ఆ పటం చుట్ట చుట్టి ఊరూరా తిప్పి, విప్పుతూ కథ చెప్పడానికి పుట్టింది. మందంగా వేస్తే మొదటిసారి చుట్టగానే అడ్డంగా పగుళ్లు వస్తాయి. పలుచటి పూతలు మూడైతే గుడ్డతో పాటు వంగుతాయి. మనం వేసే పూత ఎక్కడికీ చుట్టి తీసుకుపోకపోయినా కాన్వాస్ మీద వేస్తే ఇదే సూత్రం, ఎందుకంటే కాన్వాస్ కూడా వాతావరణాన్ని బట్టి బిగుస్తూ వదులవుతూ ఉంటుంది.

ముందు అడుగు భాగం

పూత కంటే ముందు దాని కింద ఏముందో చూడాలి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) వాటర్ కలర్ కాగితం మీద ఒక మిల్లీమీటరు లోపు పూత వరకే. అంతకంటే సన్న కాగితం తడికే ముడత పడుతుంది, మళ్లీ చదును కాదు. కాన్వాస్ బోర్డు మీద రెండు మిల్లీమీటర్ల దాకా పోవచ్చు. మట్టి, గ్రానైట్ పొడి, గోనె గుడ్డ లాంటి బరువైనవి వాడాలనుకుంటే ఎండీఎఫ్ బోర్డే (కట్టె పీచు, జిగురు కలిపి నొక్కి చేసేది) నయం. ఏ4 సైజుకు 4 మిల్లీమీటర్లు, ఏ3కి 6 మిల్లీమీటర్లు. అంతకంటే పెద్దదైతే వెనక కట్టె పట్టీలు కొట్టించుకోవాలి.

ఎండీఎఫ్‌కు నీళ్లంటే పడదు. అంచుల నుంచి తాగి ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బిన అంచు మళ్లీ దిగదు. అందుకని వాటర్ బేస్డ్ ప్రైమర్ పలుచగా ముందు వైపు, వెనక వైపు, నాలుగు అంచులకు వేయాలి. అంచులకు రెండు సార్లు. వెనక వైపు వేయడం చాలామంది ఎగ్గొడతారు. ముందు వైపు పూత ఆరుతూ ముడుచుకున్నప్పుడు బోర్డును తన వైపు లాగుతుంది, వెనక ఏమీ లేకపోతే బోర్డు పళ్లెంలా వంగుతుంది. వెనక కూడా అంతే తడి, అంతే పూత పడితే రెండు వైపులా లాగుడు సరిపోయి చదునుగా ఉంటుంది. ప్రైమర్ ఆరాక 120 నంబర్ సాండ్ పేపర్‌తో అడ్డంగా, నిలువుగా గీకితే తర్వాతి పూతకు పట్టు దొరుకుతుంది. నున్నటి బోర్డు మీద వేసిన మందపాటి పూత కొన్నాళ్లకు ఒక్క ముక్కగా ఊడి చేతిలోకి వస్తుంది.

రోజువారీ పేస్ట్

కొన్న పేస్ట్ బాగుంటుంది, ఖరీదు మాత్రం ఎక్కువ. నేర్చుకునే దశలో, పెద్ద సైజులు వేసేటప్పుడు ఇంట్లో కలిపింది చాలు. ఏ4 సైజు బోర్డుకు ఈ కొలత:

తెల్ల ఫెవికాల్ లాంటి జిగురు 2 పెద్ద స్పూన్లు, తెల్ల యాక్రిలిక్ రంగు 1 స్పూను, జల్లించిన సుద్ద పొడి 4 నుంచి 5 స్పూన్లు. ముందు జిగురు, రంగు కలపాలి. తర్వాత పొడి ఒక్కో స్పూను వేస్తూ తిప్పాలి. మొత్తం ఒక్కసారి పోస్తే పొడి ఉండలు కట్టి, లోపల పొడిగా మిగిలిపోతుంది. ఆ ఉండ తర్వాత కత్తికి తగిలి పూత మీద గీత పడుతుంది. గరిటె ఎత్తితే కింద పడకుండా నిలిచి, కుదిపితే జారే గట్టిదనం రావాలి. మరీ గట్టిపడితే నీళ్లు చుక్కలతో వేయండి, స్పూన్లతో కాదు. నీళ్లు ఎంత ఎక్కువైతే ఆరేటప్పుడు పూత అంత ముడుచుకుంటుంది.

సుద్ద పొడి అంటే ఏ పొడైనా కాదు. క్యారం బోర్డు మీద చల్లేది చాలావరకు బోరిక్ యాసిడ్, అది వద్దు. బియ్యప్పిండి ముగ్గు వద్దు, పురుగు పడుతుంది. రాతి ముగ్గుపిండి పనికొస్తుంది, కానీ గరుకు ఎక్కువ. టీ వడపోసే జాలీతో ఒకసారి జల్లించి, సన్నటిది మామూలు పూతకు, జాలీలో మిగిలిన రవ్వలాంటిది ఇసుక పూతకు పక్కన పెట్టుకోవచ్చు. టాల్కమ్ పౌడర్ వేస్తే పేస్ట్ వెన్నలా సాగుతుంది, దువ్వెన గీతలు చక్కగా పడతాయి. కాని సుద్దలో నాలుగో వంతుకు మించి వేయొద్దు, మించితే మెత్తబడుతుంది.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చాలామంది వాడతారు. అర గంట లోపే బిగుసుకుపోతుంది కాబట్టి తీరిగ్గా పని చేయడానికి కుదరదు. సిమెంట్ వాల్ పుట్టీ కూడా అంతే, కలిపాక గంటలు గడిచేకొద్దీ పనికిరాదు. పైగా అది పెళుసు, బోర్డు మీద తప్ప కాన్వాస్ మీద వేయకూడదు. క్షారం ఎక్కువ కాబట్టి పూర్తిగా గట్టిపడే దాకా రంగు వేయకపోవడం మంచిది. ఈ రెండిటి మిగులునూ సింకులో పోయకండి. పైపులో గట్టిపడితే ప్లంబర్‌ని పిలవాల్సిందే. పాత కాగితంలో పోసి ఎండాక చెత్తలో వేయాలి.

పేస్ట్ సరిగ్గా కలిసిందో లేదో తెలియాలంటే అట్టముక్క మీద వేలెడు వెడల్పున రాసి ఒక రాత్రి ఆరనివ్వండి. వేలితో గట్టిగా రుద్దినప్పుడు వేలికి తెల్లగా అంటితే జిగురు చాలలేదు. గోరు గుచ్చితే లోపలికి దిగి, తీస్తే మళ్లీ పైకి వస్తే జిగురు ఎక్కువైంది. అట్టను కొంచెం వంచినప్పుడు సన్నగా చప్పుడై ఒక గీత పగిలితే అది బోర్డుకే పనికొచ్చే పూత. చప్పుడు లేకుండా వంగితే కాన్వాస్‌కూ పనికొస్తుంది. కొత్త డబ్బా జిగురు తెచ్చినప్పుడల్లా, కొత్త పొడి తెచ్చినప్పుడల్లా ఈ ముక్క వేసి, వెనక కొలత రాసి పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి.

మందం, ఆరుదల

ఒక్కసారికి 2 మిల్లీమీటర్లు. 3 దాటితే పైపొర ముందు ఆరి బిగుసుకుంటుంది, లోపలి తడి తర్వాత ఆరుతూ ముడుచుకుంటుంది, పైన సాలెగూడు లాంటి పగుళ్లు. మందం కావాలంటే ఒక రోజు తేడాతో రెండు పూతలు.

ఎండాకాలం పగుళ్లకు ఇంకో కారణం ఫ్యాను. పూత వేసి నేరుగా ఫ్యాను కింద పెడితే పది నిమిషాల్లో పైన తోలు కడుతుంది. మొదటి రెండు గంటలు పైన పాలిథిన్ కవరు తగలకుండా గుడారంలా కప్పి, ఒక పక్క తెరిచి ఉంచితే నిదానంగా ఆరుతుంది. వానాకాలం దీనికి తలకిందులు. ఫ్యాను కావాలి, ఓపిక కూడా కావాలి. వేసవిలో ఒక్క రోజులో ఆరేది ఇప్పుడు రెండు, మూడు రోజులు పడుతుంది. అరచేయి వెనక భాగం ఆనిస్తే చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఆ దశలో రంగు వేస్తే తర్వాత పొక్కులు వస్తాయి. హెయిర్ డ్రయర్ సన్నటి రంగు పూతలకే. మందపాటి పేస్ట్ మీద పెడితే లోపలి గాలి వేడికి ఉబ్బి బుడగలు తేలుతాయి, అవి పగిలిన చోట గుంటలు.

చెల్క, రేగడి, గ్రానైట్

ఇక్కడి మట్టి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే షాపుల్లో దొరికే మామూలు పేస్టులు ఈ పని చేయవు. ఉత్తర తెలంగాణలో ఒకే ఊళ్లో ఎర్ర చెల్క, నల్ల రేగడి రెండూ ఉంటాయి. బొమ్మలో ఈ రెండూ పూర్తిగా వేరు వేరు పనులు చేస్తాయి.

ముందు శుభ్రం చేయడం. మట్టిని బకెట్ నీళ్లలో వేసి బాగా కలిపి ఒక నిమిషం ఆగితే రాళ్లు, బరువైన ఇసుక అడుగుకు చేరతాయి. పైన ఉన్న మట్టి నీళ్లను ఇంకో బకెట్‌లోకి వంచాలి. తేలిన వేర్లు, పుల్లలు తీసేయాలి. రెండో బకెట్‌ను ఒక రాత్రి కదపకుండా ఉంచితే సన్నటి మట్టి పేరుకుంటుంది, పైన నీళ్లు పారబోయాలి. ఇట్లా రెండు, మూడు సార్లు చేస్తే మట్టిలోని ఉప్పు కూడా పోతుంది. ఉప్పు పోకపోతే వానాకాలంలో బొమ్మ మీద తెల్లగా పూస్తుంది. ఎరువులు వేసిన చేను మట్టి అయితే ఈ కడుగుడు ఇంకా ముఖ్యం.

చెల్క మట్టిలో ఎంత కడిగినా సన్నటి ఇసుక ఉంటుంది. అందుకే అది పెద్దగా పగలదు. ఎండిన పొడి 3 స్పూన్లకు జిగురు 2 స్పూన్లు, నీళ్లు ఒక స్పూను కలిపి బ్రష్‌తో కాకుండా అట్టముక్కతో లాగితే, అలికిన గోడ మీద చేతివేళ్ల గీతల్లాంటి గీతలు వస్తాయి. ఎరుపు ఇంకా కావాలంటే అర స్పూను జాజు. జాజులో ఉండేది ఇనుప ఆక్సైడ్, ఎండకు వెలవదు. వంటింటి పసుపు మాత్రం వద్దు, కిటికీ పక్కన పెడితే కొన్ని వారాలకే పాలిపోతుంది. మోదుగ పూల రంగు కూడా అంతే. హోళీకి బాగుంటుంది, బొమ్మకు నిలవదు.

రేగడి అట్లా కాదు. దాని బంకమన్ను తడికి ఉబ్బి, ఆరితే ముడుచుకుంటుంది. ఎండాకాలం పత్తి చేలో నోళ్లు తెరిచే నెర్రెలు చూస్తాం కదా, అవే బోర్డు మీద చిన్నగా తెప్పించవచ్చు. ఇక్కడ జిగురు లెక్క మారుతుంది. రేగడిలో జిగురు ఎక్కువైతే పగుళ్లే రావు. అసలు లేకపోతే పగుళ్లు అందంగా వస్తాయి, కాని ఒక్కో పలక ఊడి పడుతుంది. తడి రేగడి ముద్ద పది స్పూన్లకు జిగురు ఒక్క స్పూను మించకూడదు. దానికి బదులు బోర్డు మీద ముందు చిక్కటి జిగురు రాసి, అది తడిగా ఉన్నప్పుడే ముద్ద పరచాలి.

పరిచాక వదిలేయండి. మొదట పొడవాటి పగుళ్లు కొన్నే వస్తాయి. కొద్ది గంటలకు వాటి మధ్యలో కొత్త పగుళ్లు మొదలై పాతవాటిని దాదాపు లంబంగా తాకుతాయి. ఆరుతున్నకొద్దీ ఒక్కో పలక అంచులు పైకి లేస్తాయి, పైపొర కింది పొర కంటే ముందు ముడుచుకుంటుంది కనుక. పలకల సైజు మందం మీద ఆధారపడుతుంది. సుమారుగా మందానికి నాలుగైదు రెట్లు అనుకోవచ్చు. 2 మిల్లీమీటర్ల పొర అయితే వేలి గోరంత పలకలు, 5 మిల్లీమీటర్లు అయితే రెండు సెంటీమీటర్లు దాటినవి. బోర్డులో ఒక మూల పలుచగా, ఇంకో మూల మందంగా పరిస్తే చిన్న నెర్రెల నుంచి పెద్ద నెర్రెలకు కన్ను తనంతట తాను నడుస్తుంది. అందరూ సమంగా పరచడానికి తాపత్రయపడతారు, ఇక్కడ సమంగా పరవకపోవడమే లాభం.

పూర్తిగా ఆరాక దాన్ని కట్టేయాలి. జిగురు 1 భాగం, నీళ్లు 5 భాగాలు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపి స్ప్రే సీసాలో పోయండి. ఆ లిక్విడ్ నీటి బిగువును తగ్గిస్తుంది కాబట్టి జిగురు పైన ముత్యాల్లా నిలవకుండా లోపలికి దిగుతుంది. అడుగు దూరం నుంచి మంచులా పడాలి. మూడు సార్లు, ప్రతిసారీ ఆరనిచ్చి. దగ్గర నుంచి కొట్టి పెద్ద చుక్కలు పడితే రేగడి మళ్లీ ఉబ్బుతుంది, నెర్రెలు మూసుకుపోతాయి, చేసిందంతా బురద. ఈ మెట్టు దగ్గర పాడైన బోర్డులే ఎక్కువ.

గ్రానైట్ పొడి కరీంనగర్, వరంగల్ చుట్టుపక్కల కోత యూనిట్ల దగ్గర దొరుకుతుంది. పేస్ట్‌లో సుద్దకు బదులు సగం ఇది వేస్తే బొగ్గు, పేస్టల్ బాగా పట్టుకునే గరుకు పూత వస్తుంది. దాని దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఎన్95 మాస్కు పెట్టుకుని, తడిపాకే కలపాలి. ఆరిన పూతను సాండ్ పేపర్‌తో రుద్దాలంటే తడిపి రుద్దాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే దీని జోలికి పోకపోవడమే మంచిది.

చింతగింజల జిగురు

తెల్ల జిగురు ఉండగా ఇదెందుకు అనుకోవచ్చు. కారణం మెరుపు. తెల్ల జిగురు ఆరాక కొంచెం ప్లాస్టిక్ మెరుపు ఉంటుంది, చింతగింజల జిగురు మట్టిలాగే మెరుపు లేకుండా ఆరుతుంది. చేర్యాల ముఖాలు చేసేది కూడా రంపపు పొట్టు, ఈ జిగురు కలిపిన ముద్దతోనే.

గింజలు వేయించి పొట్టు తీసి ఒక రాత్రి నానబెట్టి రుబ్బవచ్చు. పొడి దొరికితే ఇంకా సులువు. 50 గ్రాముల పొడిని 100 మిల్లీలీటర్ల చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న 400 మిల్లీలీటర్ల నీళ్లలో సన్నధారగా పోస్తూ తిప్పాలి. సన్నటి సెగ మీద 15 నుంచి 20 నిమిషాలు. పొడిని నేరుగా వేడి నీళ్లలో వేస్తే పైపొర వెంటనే ఉబ్బి లోపల పచ్చిగా ఉండలు మిగులుతాయి, ఆ తర్వాత ఎంత తిప్పినా కరగవు. చల్లారాక గుడ్డలో వడగట్టాలి.

జల్లించిన రంపపు పొట్టు 3 భాగాలు, ఈ జిగురు 2 భాగాలు, సుద్ద 1 భాగం కలిపి పిసికితే చపాతీ పిండిలా వస్తుంది. ఎత్తుగా లేచే అంచులు, చెట్టు బెరడు, బండరాళ్ల లాంటివి దీనితో చేయవచ్చు. బాగా ముడుచుకుంటుంది కాబట్టి అర సెంటీమీటరు మించకుండా పొరలుగా పెంచాలి.

దీని బలహీనత బూజు, వెండి పురుగు (సిల్వర్ ఫిష్). కలిపిన జిగురు వేసవిలో రెండో రోజుకే పులుస్తుంది. వాసన వస్తే పారేయడమే. బైండింగ్ పని చేసేవాళ్లు గంజిలో మైలుతుత్తం చిటికెడు వేస్తారు, ఇక్కడా అదే పని చేస్తుంది. కాని అది విషం, వంట గిన్నెలు, గరిటెలు వాడకూడదు. తెల్ల పూతకు కొంచెం పచ్చ ఛాయ కూడా వస్తుంది. వానాకాలంలో దీని పని పెట్టుకోవద్దని నా మాట. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే దీనికి మించింది లేదు.

అంటించేవి, అచ్చు వేసేవి

గోనె పట్టా, గాజు గుడ్డ (గాయాలకు కట్టే పలుచటి గుడ్డ), వరంగల్ కొత్తవాడ జంపఖానాల దగ్గర మిగిలే నూలు పోగులు, అన్నీ పనికొస్తాయి. గోనెను వాడే ముందు సబ్బు నీళ్లలో ఉతికి ఆరేయాలి, లేకపోతే దానిలోని నూనె జిడ్డుకు జిగురు పట్టదు. దారాలు కొన్ని లాగేసి అల్లికను వదులు చేస్తే మధ్యలో పేస్ట్ దూరి గట్టిగా నిలుస్తుంది. గుడ్డ ఏదైనా కింద జిగురు, పైన జిగురు. ఒక్క వైపే రాస్తే ఆరాక గాలి చిక్కిన చోట బుడగలా లేస్తుంది. మధ్య నుంచి అంచులకు రోలర్ తిప్పాలి, అంచుల నుంచి మధ్యకు కాదు.

పాత పేపర్ ముక్కలు అందరికీ ఇష్టం. న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ అనే కట్టె పదార్థం ఉంటుంది, ఏడాదిలోనే పసుపెక్కి పెళుసవుతుంది. రెండు వైపులా జిగురు పట్టిస్తే ఆలస్యమవుతుందే గాని ఆగదు. అక్షరాలే కావాలంటే జిరాక్స్ తీయించి వాడండి. జిరాక్స్, లేజర్ ప్రింట్‌లో టోనర్, అంటే వాటి పొడి ఇంకు, తడికి చెదరదు. ఇంక్‌జెట్ ప్రింట్ జిగురు తగలగానే కారిపోతుంది. జిరాక్స్ బొమ్మను బోర్డు మీదికి దింపడం కూడా ఇదే టోనర్ మీద ఆధారపడింది. తడి జిగురు మీద బొమ్మ వైపు కిందికి పెట్టి నొక్కి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున కాగితం తడిపి వేలితో గుండ్రంగా రుద్దితే కాగితం పొరలు పొరలుగా ఊడి టోనర్ మిగులుతుంది. ఒక్కసారే మొత్తం తీసేయాలని గట్టిగా రుద్దితే టోనర్ కూడా పోతుంది. ఆరాక తెల్లగా పొగమంచులా కనిపిస్తే ఇంకో సారి తడిపి రుద్దాలి. తెలుగు అక్షరాలుంటే జిరాక్స్ షాపులోనే అద్దంలో కనిపించినట్టు తిప్పి తీయమని చెప్పండి.

ఆకుల అచ్చుకు తునికాకు, మోదుగాకు రెండూ మంచివి. వెనక వైపు ఈనెలు లేచి ఉంటాయి, ఆ వైపే పేస్ట్ మీద పెట్టాలి. పచ్చి ఆకే వాడాలి, ఎండిందైతే నొక్కగానే విరుగుతుంది. 3 మిల్లీమీటర్ల పేస్ట్, పది పదిహేను నిమిషాలు ఆగాక తొడిమె పట్టుకుని నిదానంగా లేపాలి. వెంటనే లేపితే పేస్ట్ ఆకుతో పాటు లేస్తుంది, గంట ఆగితే ఆకు అక్కడే ఉండిపోతుంది.

స్టెన్సిల్‌కు మన కాకతీయుల శిల్పం కంటే మంచి నమూనా ఏముంటుంది. వరంగల్ కోట కీర్తి తోరణాల మీది హంసలు, వేయిస్తంభాల గుడి రాతి జాలీలు. ఫోటో తీసుకుని, గీసుకుని, పారదర్శక ప్లాస్టిక్ ఓహెచ్‌పీ షీటు మీద కత్తిరించుకోండి. ఆ రాళ్ల మీద నేరుగా కాగితం పెట్టి రుద్దడం, మట్టితో అచ్చు తీయడం మాత్రం చేయకూడదు. అవి రక్షిత కట్టడాలు, పైగా ఎనిమిది వందల ఏళ్ల చెక్కుడు మన బోర్డు కోసం అరగడం ఎందుకు. స్టెన్సిల్ కింద పేస్ట్ పాకుతోందంటే అది పలుచబడిందని లెక్క, పొడి ఇంకొంచెం వేయాలి.

రంగు ఎక్కించడం

ఆరిన సుద్ద పూత స్పాంజిలా తాగుతుంది. దాని మీద నేరుగా ముదురు రంగు నీళ్లు పోస్తే తాగిన చోట తాగి మచ్చలు పడుతుంది, ఎంత తుడిచినా పోదు. ముందు జిగురు, నీళ్లు సమానంగా కలిపి ఒక సన్నటి పూత వేసి ఆరనివ్వాలి. ఇప్పుడు ముదురు గోధుమ లేదా నలుపు రంగు పలుచగా పోసి, రెండు నిమిషాలు ఆగి, తడి గుడ్డతో తుడిస్తే ఎత్తులు తెల్లగా, గుంటలు నల్లగా మిగులుతాయి. యాక్రిలిక్ రంగును ఊరికే నీళ్లతో మరీ పలుచన చేస్తే దానిలోని జిగురు కూడా పలుచబడి, ఆరాక చేతికి అంటుతుంది. ఇక్కడా ఆ లెక్కే. రంగు 1 భాగానికి నీళ్లు 2, జిగురు లేదా యాక్రిలిక్ మీడియం (రంగు లేని యాక్రిలిక్ జిగురు) 1 కలిపితే ఈ బాధ ఉండదు. చివరికి పొడి బ్రష్‌తో లేత రంగు ఎత్తుల మీద మాత్రమే తాకించాలి. బ్రష్‌ను ముందు కాగితం మీద తుడిచి, దాదాపు రంగు లేదనిపించాకే బోర్డు దగ్గరికి తీసుకెళ్లాలి.

చిట్లిన రంగు కావాలంటే: ఆరిన ముదురు రంగు మీద తెల్ల జిగురు మందంగా, ఒకే దిశలో. వేలు తాకితే అంటుకుని దారంలా సాగే దాకా ఆగాలి. మేలో అయిదు నిమిషాలు, ఆగస్టులో అర గంట. అప్పుడు లేత యాక్రిలిక్ ఒక్క లాగులో వేయాలి, వేసిన చోట మళ్లీ బ్రష్ పెట్టకూడదు. పెడితే కింది జిగురు, పై రంగు కలిసిపోయి చిట్లదు. రంగు పలుచగా ఉంటే సన్న పగుళ్లు, చిక్కగా ఉంటే పెద్దవి. జిగురు పూర్తిగా ఆరిపోయాక రంగు వేస్తే ఏమీ జరగదు, మామూలు రంగే.

బొమ్మలో ముఖం, చేతులు, అక్షరాలు వచ్చే చోట గరుకు వద్దు. ఆ ఆకారాన్ని ముందే కాగితంలో కత్తిరించి, మాస్కింగ్ టేపుతో అంటించి, దాని చుట్టూ పూత వేయండి. పూత కొంచెం తడిగా ఉన్నప్పుడే కాగితం తీయాలి, ఆరాక తీస్తే అంచు పెచ్చులుగా లేస్తుంది. గరుకు మీద పెన్ను వద్దు, పాళీలో సుద్ద చేరి మూసుకుపోతుంది. సన్నటి బ్రష్, ఇంకు వాడాలి. ఇంకో మాట, బోర్డంతా ఒకే ఎత్తున గరుకు నింపితే కన్నుకు ఆగే చోటుండదు. మూడో వంతు గరుకు, మిగతాది దాదాపు చదును, నాకు నచ్చే లెక్క ఇది. మీకు నచ్చే లెక్క వేరే ఉండొచ్చు, సగం దాటితే మాత్రం బొమ్మ నేపథ్యంతో గొడవ పడుతుంది.

యాక్రిలిక్ మీద ఆయిల్ రంగు వేయవచ్చు, ఆయిల్ మీద యాక్రిలిక్ వేయకూడదు. మైనం, ఆయిల్ పేస్టల్ ఏదైనా చివర్లోనే, వాటి మీద జిగురు నిలవదు.

అయిపోయిన బోర్డులను ఒకదాని మీద ఒకటి పేర్చకండి. తెల్ల జిగురు ఎండాకాలం వేడికి మెత్తబడుతుంది, రెండు ముఖాలు అతుక్కుంటే విడదీసేటప్పుడు పూత ఊడుతుంది. నిలబెట్టి పెట్టాలి, పేర్చక తప్పకపోతే మధ్యలో బటర్ పేపర్. బస్సు పార్సిల్‌లో పంపేటట్టయితే మూలలకు థర్మాకోల్ ముక్కలు పెట్టి, పూత వైపు ఏదీ తగలకుండా అట్టపెట్టెలో వేలాడినట్టు కట్టించండి.